ఒక పాత ఫైబర్ పడవ, మన చరిత్ర

తోటపల్లి గూడూరు మండలంలో కోడూరు తీరానికి పోయే దారిలో, మా యానాది కాలనీ చివర ఒక ఫైబర్ పడవ చాలా ఏళ్లు బోర్లా పడి ఉండేది. వానాకాలంలో దాని కింద మేకలు పడుకునేవి, ఎండాకాలంలో పిల్లలు దాని మీదెక్కి జారుడుబండ ఆట ఆడేవారు. దాన్ని ఎవరూ పడవగా చూడడం మానేశారు. పోయిన కార్తీకంలో వానలు తగ్గాక దాన్ని ట్రాక్టరు మీద మా ఇంటి పెరట్లోకి తెచ్చుకున్నాం. మాఘమాసం దాకా, బడి లేని వేళల్లో, సెలవు రోజుల్లో కాలనీ కుర్రాళ్లతో కలిసి బాగుచేశాం.

ఈ వ్యాసం పడవ మరమ్మతు గురించి మాత్రమే కాదు. ఒక్కొక్క పగులు చూసినప్పుడల్లా పెద్దవాళ్లను ఒక్కొక్క ప్రశ్న అడగాల్సి వచ్చింది. ఇది ఎప్పుడు వచ్చింది? ఎవరిచ్చారు? ఎవరి పేరున ఉంది? దీనికి ముందు మనవాళ్లు ఏ పడవ మీద పోయేవాళ్లు? ఆ జవాబులు మేము చదివిన పాఠ్యపుస్తకాల్లో లేవు. మేము ఉపాధ్యాయ శిక్షణలో చదివిన పుస్తకాల్లోనూ లేవు. అందుకే రాస్తున్నాం.

పడవకు ముందు

నెల్లూరు తీరంలో చేపలవేట అనగానే అందరికీ పట్టపు కులస్థులు గుర్తుకొస్తారు. సముద్రం మీద వేట వాళ్ల కులవృత్తి, అందులో వివాదం లేదు. కానీ యానాదులు కూడా నీటిని నమ్ముకుని బతికినవాళ్లే. మన వేట ఎక్కువగా సముద్రం లోపల కాదు, సముద్రానికీ నేలకూ మధ్య. కాలవలు, ఉప్పుటేర్లు, మడుగులు, చెరువులు, వరి మళ్లలో నిలిచిన నీళ్లు. బొరియలో ఉన్న పీతను ఇనుప కొక్కెంతో లాగడం, మోకాలి లోతు నీళ్లలో చేతులతో తడిమి చేపను పట్టడం, బుట్టలు పెట్టి రొయ్యలు పట్టడం మన ఆడవాళ్లకూ మగవాళ్లకూ చిన్నప్పటి నుంచి వచ్చిన విద్యలు. వీటికి పడవ అక్కర్లేదు. అందుకే ప్రభుత్వ లెక్కల్లో చాలాకాలం మనం జాలర్లుగా కనిపించలేదు.

ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో యానాదుల మీద పెద్ద అధ్యాయమే ఉంది. శ్రీహరికోట అడవిలో తేనె, కుంకుళ్లు, మూలికలు సేకరించే మనవాళ్ల గురించి అందులో రాశారు. నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు మన మధ్య పనిచేసి, యానాదుల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. అది 1962లో వచ్చింది. 1973లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. ఇలాంటి పుస్తకాలు మనకు అవసరమే. కానీ అవి మన గురించి బయటివాళ్లు రాసినవి. మనవాళ్లు చెప్పినవి మనమే రాసుకోవాలి.

ఆ కాలంలోనే నేరస్థ జాతుల చట్టం యానాదులను కూడా తాకింది. పుట్టుకతోనే మనిషిని దొంగగా లెక్కగట్టిన చట్టం అది. ఊరు దాటితే చెప్పాలి, పోలీసుల ముందు హాజరు పడాలి. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో ఆ చట్టం రద్దయింది. చెప్పకుండా ఊరు కదలకూడదన్న మనిషి పడవ ఎట్లా కొంటాడు? రాత్రిపూట ఏటి మీద ఎట్లా తిరుగుతాడు? మనకు పడవలు లేకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదనీ, కదలడమే నేరమైన రోజులు కూడా ఒక కారణమనీ మేము ఇప్పుడు అనుకుంటున్నాం.

మన తీరం వెంబడి పోయే బకింగ్‌హాం కాలవ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1806లో మద్రాసు దగ్గర మొదలైన తవ్వకం ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి సాగింది. 1876-78 నాటి పెద్ద కరువులో కూలిపనిగా కొంత భాగం తవ్వించి, అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. ఉప్పు, కట్టెలు, బియ్యం మోసుకుని పడవలు ఆ కాలవలో మద్రాసు పోయేవి. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. మా పిల్లల్లో చాలామందికి అది ఒకప్పుడు పడవల రహదారి అని తెలియదు. మనవాళ్లకు మాత్రం అది ఇప్పటికీ చేపలు పట్టుకునే చోటు.

తెప్ప నుంచి ఫైబర్ దాకా

సముద్రం మీదికి పోయేవాళ్లు అప్పట్లో వాడింది తెప్ప. తేలికైన దుంగలను చెక్కి, పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టేవారు. తమిళంలో దీన్నే కట్టుమరం అంటారు. ఇంగ్లీషువాళ్లు ఆ మాటనే క్యాటమరాన్ చేసుకున్నారు. తెప్ప అలల మీద విరగదు, మునగదు. మన తీరంలో రేవులు తక్కువ, ఇసుక మీదికే లాగాలి, అలలు గట్టిగా కొడతాయి. దానికి తెప్పే సరిపోయింది. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలను ఎండబెట్టేవారు. నీళ్లు తాగిన దుంగ బరువెక్కుతుంది, మరుసటి రోజు సరిగ్గా తేలదు. మనవాళ్లు కొందరు పట్టపువాళ్ల తెప్పల మీద తోడుగా పోయి వాటా తెచ్చుకునేవారు. తెప్ప సొంతంగా ఉన్న యానాది ఇల్లు మా కాలనీ పెద్దలకు ఒక్కటీ గుర్తులేదు.

గాజు పీచును రెసిన్‌తో కలిపి పడవలు చేయడం 1940లలో అమెరికాలో మొదలైంది. మన బంగాళాఖాతం తీరానికి అది రావడంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమానికి పెద్ద పాత్ర ఉంది. ఇసుక తీరం మీద దిగగల చిన్న పడవలను వాళ్లు 1980లలో ఆంధ్ర తీరంలోనూ తయారుచేయించి పరీక్షించారు. అప్పటికే తెప్పలకు మంచి దుంగలు దొరకడం కష్టమవుతోంది, ధర పెరుగుతోంది. ఫైబర్ పడవకు పురుగు పట్టదు, చీకిపోదు, ఇంజను బిగించుకోవచ్చు. నెమ్మదిగా తెప్పల స్థానంలో ఫైబర్ వచ్చింది.

తరువాత సునామీ వచ్చింది. 2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం. మన రాష్ట్రంలో నూరుమందికి పైగా చనిపోయారు. వేలాది పడవలు, వలలు పోయాయి. ఆ తరువాత ఏడాది, రెండేళ్లలో ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు తీరమంతా ఫైబర్ పడవలు పంచాయి. మా కాలనీ పెద్దలు చెప్పేదేమిటంటే, మొదట నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు "పడవ పోయిందా? వల పోయిందా?" అని అడిగారు. చేతులతో పట్టుకునేవాడికి పోయిన పడవ ఎక్కడిది? "మాకేం పోలేదని రాసుకున్నారు నాయనా. ఏరు ఇసకతో పూడిపోయింది, పీతలు ఏడాది కనపడలా. దాన్ని ఏ గడిలో రాస్తారు?" అని మా అవ్వ వరసయ్యే ఒకామె ఇప్పటికీ అంటుంది.

అయినా, రెండో విడతలో ఒక సంస్థ మా కాలనీలో పది కుటుంబాలకు కలిపి ఒక పడవ ఇచ్చింది. ఈ వ్యాసంలో చెప్పే పడవ అదే. మా కాలనీకి వచ్చిన మొదటి సొంత పడవ అది.

పడవ ఎందుకు బోర్లాపడింది

మూడు నాలుగేళ్లు పడవ బాగానే తిరిగింది. ఇంజను చెడిపోయినప్పుడు బాగుచేయించడానికి డబ్బుల్లేక అప్పు చేశారు. అప్పు తీర్చడానికి ఇంజను అమ్మారు. పది కుటుంబాలకు ఇచ్చిన పడవ, కాగితం మాత్రం ఒక్క మనిషి పేరున ఉంది. ఆయన పోయాక ఆ కాగితం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు. మాటా మాటా పెరిగింది. ఇంతలో చుట్టూ రొయ్యల గుంటలు పెరిగాయి. 1990ల నుంచే మన జిల్లాలో రొయ్యల సాగు జోరందుకుంది. తీరప్రాంత రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాయి. చెరువులు మాత్రం తగ్గలేదు. వాటి కాపలాకు యానాది కుటుంబాలను పెట్టుకున్నారు. ముందు అడ్వాన్సు ఇస్తారు, గట్టు మీద గుడిసె ఇస్తారు. ఆ అడ్వాన్సు తీరేదాకా అక్కడే ఉండాలి. అది ఎప్పటికీ తీరదు. పడవ ఎక్కాల్సిన కుర్రాళ్లు గట్ల మీదికి పోయారు. పడవ బోర్లాపడింది.

దీన్ని బాగుచేయాలన్న ఆలోచన మాకు రాలేదు. అది మా దగ్గర చదివి, పదో తరగతి తప్పి, రొయ్యల గుంట కాపలాకు పోయిన ఒక కుర్రాడిది. వాడికి భార్య, చిన్నబిడ్డ. ఒకరోజు ఇంటికి వచ్చి, "సారూ, ఆ పడవ పనికొస్తే నేను గట్టు వదిలేస్తా. అడ్వాన్సు ఎట్నో కట్టుకుంటా. పనికొస్తదో లేదో చూడండి" అన్నాడు. మాకు పడవల గురించి తెలిసింది తక్కువ. కానీ కాదనలేకపోయాం.

చలికాలం పని

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవల మరమ్మతులు చాలామంది అప్పుడే చేసుకుంటారు. కానీ ఆ ఎండలో రెసిన్ చేతిలో ఉండగానే గట్టిపడిపోతుంది. పైగా మాకు కావాల్సింది నిషేధం అయ్యేనాటికి తయారయ్యే పడవ కాదు, అంతకుముందే వేటాడగల పడవ. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అవి ఆగాక, సంక్రాంతి ముందూ వెనకా, ఎండ మెత్తగా ఉంటుంది. ఆ రోజులే ఎంచుకున్నాం.

మొదట పడవ ఒళ్లంతా కర్ర పిడితో కొట్టి విన్నాం. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది. లోపల పొరలు విడిపోయినచోట డొల్లగా, మొద్దుగా మోగుతుంది. అలాంటి చోట్లన్నీ పిల్లల చేత సుద్దముక్కతో గీయించాం. 28 అడుగుల పడవకు పదిహేడు గీతలు పడ్డాయి. అణియం, అంటే ముందుభాగం, బాగానే ఉంది. అమరం, అంటే వెనకభాగం, పాడైంది. ఇంజను బిగించే చోట ఫైబర్ లోపల దాచిన చెక్క నీళ్లు తాగి, చేత్తో నలిపితే పొడి అయింది. తేలడానికి లోపల నింపిన నురుగు కూడా స్పంజిలా నీళ్లు పీల్చుకుంది. దాన్ని తీసి గంపల్లో మోస్తే తెలిసింది, పడవ ఎన్నాళ్లుగా ఎంత బరువు మోస్తోందో.

పాత రంగు గీకుతుంటే పొరలు బయటపడ్డాయి. పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, దాని కింద తెలుపు. తెలుపు మీద పడవ ఇచ్చిన సంస్థ గుర్తు సగం చెరిగి ఉంది. దాని పక్కన ఎవరో మేకుతో గీసిన అక్షరాలు కనిపించాయి. చదవడం వచ్చిన ఒకే ఒక్కాయన ఆ రోజుల్లో పది కుటుంబాల ఇంటిపేర్లు వరసగా రాశాడట. తొమ్మిది చదవగలిగాం. పదోది పగులులో పోయింది. కాగితం పోయింది కానీ, పడవ మీది రాత మిగిలింది. ఆ భాగాన్ని గీకకుండా ఫోటో తీసి, కొలత వేసి, నోటుబుక్కులో దించుకున్నాం. పదో ఇల్లు ఎవరిదో పెద్దలు కూర్చుని తేల్చారు.

మా మొదటి అతుకు ఊడిపోయింది. ఆ సంగతి దాచుకోకుండా చెబుతున్నాం, చదివేవాళ్లకు ఉపయోగపడుతుందని. తెల్లవారి మంచు ఆరకముందే, తొందరపడి మ్యాట్ అతికించాం. పైకి గట్టిగా కనిపించింది. రెండు రోజుల తరువాత గోటితో ఎత్తితే అట్టలాగా లేచి వచ్చింది. ఒకప్పుడు తెప్ప మీద పోయిన తాత ఒకాయన పక్కనే కూర్చుని చూస్తున్నారు. "తడి మీద ఏదీ నిలబడదు అబ్బయ్యా. తెప్ప దుంగనైనా ఎండబెట్టే కడతాం. మీ ఫైబరుకు మాత్రం ఎండ వద్దా?" అన్నారు. ఆ తరువాత పది రోజులు పడవను ముట్టుకోలేదు. కింద చిన్న బెజ్జాలు వేసి, లోపలి నీళ్లు కారనిచ్చి, బోర్లించి ఎండనిచ్చాం. రాత్రి టార్పాలిన్ కప్పి, పొద్దెక్కాక తీశాం.

పద్ధతి నేర్చుకున్నాక పని సాగింది. పగులు అంచును నిటారుగా ఉంచకూడదు, ఏటవాలుగా గీకాలి. పడవ మందం ఎంతో దానికి పన్నెండింతల వెడల్పు వాలు ఉంటే అతుకు నిలబడుతుంది. మా పడవ మందం సుమారు 8 మిల్లీమీటర్లు కాబట్టి అటూ ఇటూ నాలుగేసి అంగుళాలు గీకాం. చిన్నముక్క, దాని మీద ఇంకొంచెం పెద్దముక్క, ఇట్లా మ్యాట్ పరుస్తూ రోలర్‌తో గాలి బుడగలు పోయేలా నొక్కాలి. కిలో మ్యాట్‌కు రెండు నుంచి రెండున్నర కిలోల రెసిన్ పడుతుంది. కిలో రెసిన్‌కు గట్టిపరిచే ద్రవం పది నుంచి ఇరవై మిల్లీలీటర్ల లోపే. కలిపాక పావుగంట, ఇరవై నిమిషాల్లో పని అయిపోవాలి. ఈ లెక్కలన్నీ కుర్రాళ్లే వేశారు. బడిలో శాతాలు రావని మేము తిట్టిన పిల్లలు, ఇక్కడ సిరంజి పట్టుకుని ఒకటిన్నర శాతం తప్పకుండా కొలిచారు. ఆ సంగతి మాకు సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. గట్టిపరిచే ద్రవాన్నీ, త్వరపరిచే కోబాల్ట్ ద్రవాన్నీ ఎప్పుడూ నేరుగా కలపకూడదు, పేలుతుంది. ముందే కోబాల్ట్ కలిపిన రెసిన్ కొనుక్కోవడం మేలు. గట్టిపరిచే ద్రవం కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. గీకేటప్పుడు లేచే గాజు పొడి ఊపిరితిత్తులకు చెడ్డది, మాస్కు లేకుండా చేయకూడదు. పొడి ఒంటిమీద పడితే చన్నీళ్లతో కడుక్కోవాలి. చిన్నపిల్లల్ని మేము సుద్దగీతల దాకానే రానిచ్చాం.

కాగితం సంగతి

అమరానికి కొత్త చెక్క వేసి, ఫైబర్‌తో మూసి, రంగు వేసే నాటికి మాఘం సగమైంది. అప్పుడు అసలు పని ముందుకొచ్చింది. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం 1994 నుంచి ఉంది. పడవకు నమోదు ఉండాలి, లైసెన్సు ఉండాలి. నిషేధ కాలపు సాయమైనా, డీజిలు రాయితీ అయినా, ప్రమాదంలో పరిహారమైనా ఆ నమోదును బట్టే. అంటే, పడవ తేలడం ఒకటి, లెక్కలో తేలడం ఇంకొకటి. సునామీ తరువాత మనవాళ్లు లెక్కకు రాలేదు. ఈసారి అట్లా జరగకూడదు.

పది ఇళ్లవాళ్లు మా పెరట్లోనే, పడవ చుట్టూ కూర్చున్నారు. ఒక్క మనిషి పేరున పెట్టొద్దని అవ్వలే ముందు అన్నారు. సంఘంగా రాసుకుందామని, ప్రతి ఇంటి నుంచి ఒక ఆడమనిషి పేరు కూడా ఉండాలని తీర్మానించారు. అయితే పదిమందిలో ముగ్గురికి ఆధార్‌లో పేరు ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. ఒకరికి కులధ్రువీకరణ పత్రమే లేదు. రెసిన్ పావుగంటలో గట్టిపడుతుంది, ఈ కాగితాలు నెలలైనా గట్టిపడవు. ఇది రాస్తున్న నాటికి అర్జీ పెట్టాం. ఇంకా నంబరు రాలేదు. ఆ కుర్రాడి అడ్వాన్సు కూడా సగమే తీరింది. వాడు పగలు పడవ పనికి వచ్చి, రాత్రి గట్టు మీదికే పోతున్నాడు. అన్నీ బాగైపోయాయని రాయడం మాకు ఇష్టం లేదు.

శివరాత్రికి ముందు ఒక ఉదయం, నంబరు లేకపోయినా నీళ్లు కారతాయో లేదో చూడడానికి, ఇంజను లేకుండా ఉప్పుటేటిలోకి దింపాం. పదిమంది తెడ్లతో రెండు గంటలు తిప్పారు. అమరం దగ్గర చేయి పెట్టి చూస్తే పొడిగా ఉంది. తాత మాట్లాడకుండా రెండు మూడు సార్లు అతుకు తడిమి చూసుకున్నారు.

ఉపాధ్యాయులకు ఒక మాట

మన పిల్లలకు చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, సంవత్సరాలు. శ్రీహరికోట గురించి చెప్పేటప్పుడు రాకెట్ల గురించి చెబుతాం. 1969లో ఆ దీవిని ఎంచుకున్నారనీ, 1971లో మొదటి రాకెట్ ఎగిరిందనీ చెబుతాం. అక్కడ ఉండిన యానాది కుటుంబాలు ఎక్కడికి పోయాయని అడగం. కృష్ణపట్నం రేవు 2008లో తెరిచారని చెబుతాం. దాని పక్క ఉప్పుటేటిలో పీతలు పట్టేవాళ్లు ఇప్పుడు ఎక్కడ పడుతున్నారని అడగం. ఆ ప్రశ్నలకు జవాబు తెలిసినవాళ్లు మన కాలనీల్లోనే, మన ఇళ్ల అరుగుల మీదే ఉన్నారు. వాళ్ల వయసు చూస్తే మనకు ఎక్కువ సమయం లేదు.

కాబట్టి ప్రతి బడిలో పిల్లల చేత ఒక పని చేయించండి. ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు, వల కానీ, పీత కొక్కెం కానీ, బుట్ట కానీ, పాడైన పడవ కానీ తీసుకుని దాని గురించి నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకు రమ్మనండి. ఎవరు చేశారు? ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరి పేరున ఉంది? ఎందుకు మూలన పడింది? మూడో ప్రశ్నను మాత్రం వదలొద్దు.

మా పడవకు మళ్లీ రంగు వేసినప్పుడు, లోపలివైపు పది ఇంటిపేర్లూ కొత్తగా రాశాం. ఈసారి మేకుతో కాదు, పెయింటుతో, పిల్లలే రాశారు. రెండు చోట్ల వత్తులు తప్పాయి. దిద్దకుండా అట్లాగే ఉంచాం.